ఫోటోలో ఉన్నామె మాట్లాడితే

కళాత్మక ఫోటోగ్రఫీ మీద జరిగే విమర్శని దగ్గర్నుంచి విన్నవాళ్లకి ఒక మాట బాగా పరిచయమే. పోటీకొచ్చిన ఫోటోల్లోంచి ఒక ముసలమ్మ ముఖాన్ని న్యాయనిర్ణేత పైకి తీస్తాడు. కాసేపు అటూ ఇటూ తిప్పి చూస్తాడు. "ముడతలు బాగా వచ్చాయి" అంటాడు. పక్కనున్నాయన తలూపుతాడు. వెలుగు పక్కనుంచి పడిందనీ, కళ్లు ఫ్రేములో మూడో వంతు గీత మీద కుదిరాయనీ, వెనకాల నలుపు కలిసొచ్చిందనీ చర్చ సాగుతుంది. ఆ ముడతలు ఏ ఎండలో, ఎవరి పొలంలో వచ్చాయన్న ప్రశ్న ఆ గదిలోకి రాదు. ఆమెది ఏ ఊరు, ఏ వాడ, ఫోటోకి ఒప్పుకుందా, ఆ ఫోటో ఆమె చేతికి చేరిందా అనేవి "కళకి సంబంధం లేని" సంగతులు. ఎవరన్నా అడిగితే రాజకీయాలు తెస్తున్నాడంటారు.

సాహిత్యంలో మనం ఈ వ్యవహారాన్ని ఇట్లా వదిలిపెట్టలేదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు తర్వాత వచ్చిన దళిత కవిత్వం, 1995లో 'చిక్కనవుతున్న పాట' సంకలనం వచ్చేనాటికి, విమర్శకుల మెడలు వంచి కొన్ని ప్రశ్నలు అడిగించింది. ఎవరు రాస్తున్నారు? ఎక్కడ నిలబడి రాస్తున్నారు? ఎవరి బాధని ఎవరు పద్యం చేస్తున్నారు? "నినాదాలే తప్ప శిల్పం లేదు" అన్నవాళ్లకి, ఎవరి శిల్పం, ఎవరు పెట్టిన కొలత అని జవాబు చెప్పాం. ఫోటోగ్రఫీ దగ్గరికొచ్చేసరికి మనలోనే చాలామందికి నోరు పెగలదు. కారణాలు లేకపోలేదు. కెమెరా ఖరీదైన వస్తువు. చాలా కాలం మన ఇళ్లలో ఫోటో అంటే పెళ్లికి స్టూడియోలో దిగిందీ, రేషన్ కార్డు కోసం దిగిందీ, గోడ మీద అంబేద్కర్ పటమూ. పైగా కవితని ఎవరో రాశారని చదివేవాడికి తెలుస్తూనే ఉంటుంది. ఫోటోని మాత్రం ఉన్నది ఉన్నట్టు పట్టిందనే నమ్ముతాం. నమ్మిన దాన్ని విమర్శించడం కష్టం.

మా మీద మేం చేసుకోవాల్సి వచ్చిన విమర్శతోనే మొదలుపెడతాం.

కొన్నేళ్ల కింద, ఏప్రిల్ 14న, ప్రకాశం జిల్లాలో ఒక పల్లెలో కమ్యూనిటీ హాలు గోడలకి మేం కొన్ని ఫోటోలు పెట్టాం. అంతకుముందు నాలుగు నెలలు మా బృందం ఆ వాడలో కూలి రేట్ల మీద, అప్పుల మీద సర్వే చేసింది. మాలో ఒక మిత్రుడికి కెమెరా పట్టడం బాగా వచ్చు. సర్వేకి తిరుగుతూ తీసినవే ఆ ఫోటోలు. అతనూ వాడలో పుట్టి పెరిగినవాడే. ఈ సంగతి ముందే చెప్పాలి. ఎందుకంటే బయటివాడు తీశాడు కాబట్టి తప్పొచ్చిందని సరిపెట్టుకోడానికి మాకు వీల్లేదు.

మా అందరికీ తెగ నచ్చిన ఫోటో ఒకటుంది. ఒక పెద్దామె ఇంటి ముందు నేల మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంటుంది. ఒక చెయ్యి నుదుటి మీద. పక్కనంతా ఖాళీ. గోడ సున్నం పెచ్చులూడి ఏదో దేశపటం లాగా కనిపిస్తుంది. సాయంత్రపు వెలుగు ఏటవాలుగా పడి ఉంటుంది. దానికి "నిరీక్షణ" అని పేరు పెట్టాం. ఒక పోటీకి పంపితే సర్టిఫికెట్ కూడా వచ్చింది.

ఆ రోజు ఆమె మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చి ఆ ఫోటో ముందు నిలబడింది. చాలాసేపు చూసింది. మేం వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాం. నిజం చెప్పాలంటే, మెచ్చుకుంటుందనే ఎదురుచూస్తున్నాం.

"మా డ్రమ్మేది అబ్బాయా?" అంది.

మా మిత్రుడికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం మాడింది. ఆమె పక్కన నీళ్లు పట్టుకునే నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి, ఎర్ర కుర్చీ ఒకటి ఉండేవి. ఫోటో తీసేముందు అతనే వాటిని పక్కకి జరిపించాడు. ఆ నీలం ఫ్రేములో కంటికి గుచ్చుకుంటుందన్నాడప్పుడు. (నీలం రంగు అడ్డమని మనోడు తీసేసిన ఫోటోని అంబేద్కర్ జయంతి నాడు గోడకెక్కించాం. మాలో ఒక్కరికీ తట్టలేదు.) ఆ డ్రమ్ము ఆమె కోడలు డ్వాక్రా డబ్బులతో కొన్నది. అంతకుముందు వీధి పంపు దగ్గర బిందెలతో నిలబడేవాళ్లు.

"నేనింత కిందున్నానేంది? గుంటలో కూకున్నట్టు" అంది మళ్లీ. "నువ్వు గూడా కూకోని తియ్యొచ్చుగా."

మనవరాలు కింద అతికించిన పేరు చదివింది. నిరీక్షణ అంటే ఏందని ఆమె అడిగితే, ఎదురుచూడ్డమని మాలో ఒకరు చెప్పారు.

"ఎవురికోసం? నేనెవురికోసమూ ఎదురు సూడ్డంలేదు నాయనా. మోకాళ్లు పీకుతుంటే కూలబడ్డా."

అప్పుడు మా మిత్రుడు చేసిన పని విమర్శని తీసుకోవడం తెలియని ప్రతి కళాకారుడూ చేసేదే. వివరించడం మొదలుపెట్టాడు. "అది ఆర్టు పెద్దమ్మా. అట్టా తీస్తేనే బాగుంటది" అన్నాడు. ఆమె అతని వంక చూసి "బాగుంటది, నీకు" అంది. అని, పక్క ఫోటో దగ్గరికి వెళ్లిపోయింది.

ఈ సంఘటనని "పామరుల నిష్కపటమైన స్పందన" అని రాసుకుని మురిసిపోవచ్చు. అట్లా రాసేవాళ్లున్నారు. మేం అనేది వేరు. పది నిమిషాల్లో ఆమె మూడు విషయాలు ఎత్తింది. కెమెరా ఏ ఎత్తున ఉంది, ఫ్రేములోంచి ఏది పోయింది, శీర్షిక ఫోటో చేత ఏమనిపిస్తోంది. ఈ మూడూ రూపానికి సంబంధించినవి. కంపోజిషన్ గురించి పుస్తకాలు చదివి సర్టిఫికెట్ ఇచ్చిన పెద్దలు వీటిలో ఒక్కదాన్నీ అడగలేదు. నిలబడి, కూర్చున్న మనిషిని కిందికి చూస్తూ తీస్తే ఆమె కుంగిపోయినట్టు కనిపిస్తుందన్నది ఏ ఫోటోగ్రాఫరుకైనా తెలిసిన పాఠమే. సినిమా వాళ్లు హీరోని కింద నుంచి ఎందుకు తీస్తారో చిన్నపిల్లలక్కూడా తెలుసు. ఆమె కుంగిపోయి లేదు. మా మిత్రుడు వంగలేదు, అంతే.

కళ వేరు, కులం వేరు అన్న వాదన మా మటుకు మాకు అక్కడే కూలింది. ఆమె ప్రశ్నలకి జవాబు చెప్పాలంటే లెన్సు గురించీ, ఎత్తు గురించీ, అంచుల గురించీ మాట్లాడాల్సిందే. న్యాయనిర్ణేత వాడే మాటలతోనే మాట్లాడాలి. కాకపోతే అతను సగంలో ఆపేస్తాడు.

ఫ్రేములోంచి ఇష్టం లేనిది తీసేయడం మా మిత్రుడు కనిపెట్టింది కాదు. ప్రపంచంలో ఎక్కువమంది చూసిన ఫోటోల్లో ఒకటి, అమెరికాలో డొరోతియా లాంగ్ తీసిన 'మైగ్రెంట్ మదర్'. 1936 మార్చిలో కాలిఫోర్నియాలో నిపోమో దగ్గర, బఠాణీ కోతకొచ్చిన వలస కూలీల మకాంలో తీసింది. భుజాల మీద ఇద్దరు పిల్లలు ముఖాలు దాచుకుని ఉంటారు, తల్లి చెయ్యి చెంప మీద ఉంటుంది. ఆ ఫోటో కింది మూలలో డేరా గుంజని పట్టుకున్న ఆ తల్లి బొటనవేలు కొంచెం పడింది. 1939లో లాంగ్ నెగెటివ్ మీద దాన్ని చెరిపించింది. ఆ చెరపడం వాళ్ల ఆఫీసులోనే కొందరికి నచ్చలేదు. తర్వాత అచ్చుల్లో ఆ వేలు మసగ్గా మిగిలింది. మా డ్రమ్ము లాగే ఆ వేలు కూడా "అడ్డం".

వేలి సంగతైనా విమర్శకులు పట్టుకున్నారు. మనిషి సంగతికి 42 ఏళ్లు పట్టింది. లాంగ్ ఆమె పేరు అడగలేదు. 1978లో ఆమె స్థానిక పత్రికకి చెప్పుకుంది: ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. తెల్ల రైతు తల్లికి నమూనాగా అమెరికా నెత్తిన పెట్టుకున్న ఆమె నిజానికి చెరోకీ తెగ స్త్రీ. ఆ ఫోటో తియ్యకుండా ఉంటే బాగుండేదనీ, దాని మీద తనకి పైసా రాలేదనీ ఆమె అంది. ఫోటోలు పత్రికలో వచ్చాక ఆ మకాంకి ప్రభుత్వం తిండి సరుకులు పంపిన మాట నిజమే. అప్పటికే ఆమె కుటుంబం పనికోసం ఇంకో ఊరు పోయింది. ఆమె విమర్శ లోకానికి వినపడేనాటికి లాంగ్ చనిపోయి 13 ఏళ్లు. చెప్పేవాళ్లూ వినాల్సినవాళ్లూ ఒక గదిలో కూర్చోలేదు.

లాంగ్ చెడ్డ మనిషని మేం అనడం లేదు. ఆమె కూలీల పక్షాన పని చేసినామె. పక్షాన ఉన్నవాళ్ల గురించే మాకు బెంగ.

ఎదుటి పక్షం వాళ్ల సంగతి మనకి తెలిసిందే. 1857 తిరుగుబాటు తర్వాత పాలకులు ఈ దేశంలో కులాల్నీ తెగల్నీ ఫోటోలు తీయించి, 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాలుగా వేశారు. చాలా ఫోటోల కింద ఉండేది కులం పేరో తెగ పేరో. మనిషి ఒక నమూనా. ఆ సంపుటాలకి పనిచేసిన వాళ్లలో విలోబీ వాలేస్ హూపర్ అనే మద్రాసు సైన్యాధికారి ఉన్నాడు. 1876-78లో మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసిన కరువుని, మన పెద్దవాళ్లు ధాత కరువన్నదాన్ని, ఫోటోలు తీసింది అతనే. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఆ కరువులో ఎట్లా నాశనమయ్యాయో చరిత్ర పుస్తకాల్లో ఉంది. ఎముకల గూళ్లయిన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి, నిలబెట్టి, స్టూడియోలో కుటుంబాన్ని అమర్చినట్టు అమర్చి తీశాడు. తీసుకున్నాక వాళ్లకి ఏ సాయమూ చెయ్యకుండా పంపించేశాడని ఆ రోజుల్లోనే విమర్శ వచ్చింది. ఇప్పుడు ఆ ఫోటోల్ని చూస్తే మా కళ్లు ముందు ఆ అమరిక మీదే ఆగుతాయి. ఆకలితో చస్తున్న మనిషికి ఎక్కడ కూర్చోవాలో చెప్పడానికి ఎంత తీరిక ఉండాలి!

ఆ తీరిక పోయిందనుకుంటే పొరపాటు. 2018 జూలైలో వరల్డ్ ప్రెస్ ఫోటో ఫౌండేషన్ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఇటలీ ఫోటోగ్రాఫర్ అలెస్సియో మామో కొన్ని ఫోటోలు పెట్టాడు. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ పల్లెల్లో తీసినవి. పేదల ముందు ఒక బల్ల వేసి, దాని మీద ఉత్తుత్తి తిండి పెట్టి, మీకిష్టమైన భోజనం ఊహించుకోండని చెప్పి, వాళ్లు చేతులతో కళ్లు మూసుకుని నిలబడితే తీశాడు. పెద్ద గొడవైంది. పాశ్చాత్యులు తిండి పారేస్తున్నారు, వాళ్ల కళ్లు తెరిపించాలనే తీశానని అతను చెప్పుకున్నాడు, నొచ్చుకున్నవాళ్లకి క్షమాపణ కూడా చెప్పాడు.

విమర్శించినవాళ్లు మంచి పనే చేశారు. కానీ ఆ గొడవలో మాకు ఒక విషయం మింగుడుపడలేదు. తీసినవాడు మాట్లాడాడు, సంస్థ మాట్లాడింది, ఢిల్లీ నుంచి లండన్ దాకా ఇంగ్లీషు వచ్చినవాళ్లంతా మాట్లాడారు. కళ్లు మూసుకుని నిలబడ్డవాళ్ల మాట మాత్రం మాకు ఎక్కడా కనపడలేదు. బల్ల చూసి వాళ్లేమనుకున్నారు? పిల్లలు ఆ ప్లాస్టిక్ పండు ముట్టుకోబోయారా? తర్వాత నవ్వుకున్నారా, తిట్టుకున్నారా? అవమానం ఎవరికి జరిగిందో వాళ్లని అడక్కుండానే వాళ్ల తరఫున కోపం తెచ్చుకున్నాం. 'మనం' అని కావాలనే అంటున్నాం. మేమూ అప్పుడు ఆ కోపంలో ఉన్నవాళ్లమే.

అట్లాగని ఫోటోలో ఉన్నామె ఏమంటే అదే చివరి మాటా? ఇక్కడ మా వాడ కథలో ఇంకో ముక్క చెప్పాలి. ఇది మాకు అంత సుఖమైన ముక్క కాదు.

మా మిత్రుడు రెండు రోజులు అలిగాడు. మూడో రోజు తనే వెళ్లి, పెద్దమ్మా, నీకెట్టా కావాలో చెప్పు, అట్టాగే తీస్తానన్నాడు. ఆమె తల దువ్వుకుని, పెట్టెలోంచి చీర తీసి కట్టుకుని, కుర్చీ వేయించుకుని, డ్రమ్ము పక్కన పెట్టించుకుని కూర్చుంది. అంతా అయ్యాక "ముఖం కొంచెం తెల్లంగా రావాల నాయనా, స్టూడియోలో వత్తదే, అట్టా" అంది.

ఇప్పుడేం చెయ్యాలి? మేం దీని మీద ఒక రాత్రంతా కొట్టుకున్నాం. ఆమె ఫోటో, ఆమె ఇష్టం అని కొందరు. ఆ తెలుపు కోరిక ఆమెది కాదు, ఆమె మీద రుద్దింది, దాన్ని మనం అచ్చేసి ఇవ్వకూడదని కొందరు. రెండోవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువమంది ఉన్నారు. పెళ్లిచూపుల ఫోటోల కోసం పౌడరు పూయించుకున్న అనుభవం వాళ్లకే ఉంది మరి. పాత స్టూడియోల్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో టచింగ్ చేసి ముఖాలు తెల్లబరిచేవాళ్లు. నల్లటి ముఖం వచ్చిందంటే ఫోటోగ్రాఫరుకి పని రాదనేవాళ్లు.

ఆ నలుపు గొడవ ఫిలిం తయారీలోనే మొదలైంది. కొడాక్ కంపెనీ రంగుల అచ్చుల్ని సరిచూసుకోడానికి ల్యాబులకి ఒక కార్డు పంపేది. దాని మీద తెల్లటి అమ్మాయి బొమ్మ ఉండేది. మొదటి మోడల్ పేరు మీద దాన్ని 'షర్లీ కార్డు' అనేవాళ్లు. ఆ అమ్మాయి ఒంటిరంగు సరిగ్గా వస్తే ల్యాబు సరిగ్గా ఉన్నట్టు. నల్లటి ముఖాల్లో వివరాలు పోతున్నాయన్న సంగతి చాన్నాళ్లు ఎవరికీ పట్టలేదు. చాక్లెట్ కంపెనీలూ, చెక్క సామాను అమ్మేవాళ్లూ మా సరుకుల్లో ముదురు రంగుల తేడాలు తెలియడం లేదని ఫిర్యాదులు చేశాక కంపెనీ కదిలిందని కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ రాశారు. నల్ల మనుషులకంటే చాక్లెట్ ముక్కకి విలువెక్కువ అనడానికి ఇంతకంటే సాక్ష్యం మేం వెతకలేదు.

కెమెరాలో మీటరు పని కూడా అట్లాంటిదే. అది ఎదురుగా ఉన్నదంతా మధ్యస్తపు బూడిదరంగు అనుకుని లెక్కేస్తుంది. సున్నం గోడ ముందు నల్లటి మనిషిని కూర్చోబెడితే అది గోడ తెలుపుని చూసి బెదిరి వెలుగు తగ్గించేస్తుంది. ముఖం బొగ్గయిపోతుంది. ఇందులో ఎవరి కుట్రా లేదు, యంత్రం లెక్క. కానీ దాన్ని సరిచెయ్యడం తీసేవాడి బాధ్యత. ముఖం దగ్గరికి పోయి అక్కడి వెలుగుని కొలవాలి, లేదా ఒకటి ఒకటిన్నర స్టాపు ఎక్కువ ఇవ్వాలి, గోడ మరీ తెల్లబోతే పోనివ్వాలి. మా మిత్రుడి మొదటి ఫోటోలో గోడ పెచ్చులు చక్కగా వచ్చాయి, ఆమె కళ్లు రాలేదు. సర్టిఫికెట్ ఇచ్చినవాళ్లు ఆ చీకటిని 'మూడ్' అన్నారు.

అప్పుడు మాకు తట్టింది. ఆమె "తెల్లంగా" అన్నదాంట్లో రెండు కోరికలు కలిసి ఉన్నాయేమో. ఒకటి టచింగ్ నేర్పిన తెలుపు. రెండోది, నా ముఖం కనపడాలి అన్నది. మా మిత్రుడు వెళ్లి అదే చెప్పాడు. తెల్లగా చెయ్యను పెద్దమ్మా, నీ రంగులోనే బాగా కనపడేట్టు తీస్తానన్నాడు. ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. "సూద్దాంలే" అంది. విమర్శ అటునుంచి ఇటే కాదు, ఇటునుంచి అటు కూడా నడవాలని మేం నేర్చుకున్నదిక్కడే. ఆమె మాట విన్నవాడు కాబట్టే ఆమెకి ఎదురు చెప్పగలిగాడు.

రెండో ఫోటో మంచి ఫోటోనా? మాలో ఈ రోజుకీ ఏకాభిప్రాయం లేదు. అందులో ఆమె బిగుసుకుపోయింది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంది, మొదటిదాంట్లో ఉన్న సాయంత్రం ఇందులో లేదు. ఇవన్నీ నిజమే. కొందరు మొదటిదే గొప్ప ఫోటో అంటారు. మా అభిప్రాయం ఇది: మొదటిది అందంగా ఉన్న అబద్ధం. రెండోది నిజం వైపు ఉంది గానీ ఇంకా ఫోటోగా ఎదగలేదు. కోరిందల్లా ఇచ్చేస్తే చాలదు. ఆ డ్రమ్ముతో, ఆ చీరతో, ఆ సాయంత్రం వెలుగులో, నేలమీద కూర్చుని తీసిన మూడో ఫోటో ఒకటి రావాలి. అది తియ్యడానికి మా మిత్రుడికి పనితనమే కావాలి, ఉద్దేశం సరిపోదు.

దళిత ఫోటోగ్రాఫర్ల పని మీద మనం రాసే రాతల్లో మాకు అసంతృప్తి కలిగించేది ఈ సంగతే. ముంబైలో పారిశుద్ధ్య కార్మికుల్ని ఏళ్ల తరబడి తీసిన సుధారక్ ఓల్వేకి 2016లో పద్మశ్రీ వచ్చింది. తమిళనాడులో మురుగు కాల్వల్లో చచ్చిపోతున్న కార్మికుల కుటుంబాల్నీ, చేపలమ్మే తన తల్లినీ తీసిన పళని కుమార్ ఉన్నారు. వాడిపట్టి నుంచి వచ్చి తన సొంత కుటుంబాన్నే ఫోటోల్లోకి తెచ్చుకున్న జైసింగ్ నాగేశ్వరన్ ఉన్నారు. వీళ్ల గురించి మనవాళ్లు రాస్తే సగం వ్యాసం కష్టాల జీవితచరిత్ర, మిగతా సగం పొగడ్త. ఒక్క ఫోటో ముందు కూడా ఐదు నిమిషాలు నిలబడరు. మనోడు తీశాడు కాబట్టి బాగుందనడం, మనోడికి శిల్పం రాదనడం, రెండింటిలోనూ చూడకపోవడం ఒకటే. ఓల్వే కార్మికుల్ని చెత్త మధ్య తీసినప్పుడూ, ఇంట్లో కుటుంబంతో తీసినప్పుడూ మనకి వేరువేరు మనుషులు కనిపిస్తారు. ఏది ఎంత ఉండాలి, ఏది ముందు రావాలి అన్నది చర్చించాల్సిన విషయం. పళని కుమార్ అమ్మ ఫోటోల్లో కొడుకు నిలబడ్డ దూరం ఒకటుంటుంది. బయటివాడు అంత దగ్గరికి పోలేడు, పోతే దౌర్జన్యం అవుతుంది. ఇట్లాంటివి రాయాలి. నచ్చనివీ రాయాలి.

మన ఉద్యమాల పోస్టర్ల గురించి కూడా మొహమాటం లేకుండా మాట్లాడాలి. హత్యాకాండలు జరిగినప్పుడు శవాల ఫోటోలు వేశాం. వెయ్యకపోతే జరగలేదనేవాళ్లు, కాబట్టి వేశాం. చవక అచ్చులో ముఖాలు నల్లటి మచ్చలయ్యాయి. ఏళ్లు గడిచినా, వర్ధంతికి వర్ధంతికీ అవే శవాలు. చనిపోయినవాళ్లు బతికున్నప్పటి ఫోటో ఒక్కటైనా వెతికి పట్టుకోవాలని మనకి ఎందుకు తోచలేదు? పేరు లేకుండా అచ్చేసిన పేదల ముఖాల గురించి సుసాన్ సాంటాగ్ 2003లో రాసిన పుస్తకంలో సెబాస్టియావ్ సాల్గాడోని తప్పుపట్టింది. పెద్దవాళ్లకే పేరు ఇచ్చి మిగతావాళ్లని వాళ్ల వృత్తికో దురవస్థకో ఉదాహరణలుగా మిగల్చడం అవుతుందన్నది ఆమె వాదన. అది చదివి తలూపిన మనం మన పోస్టరు మీద ఊరి పేరు, తేదీ వేసి ఊరుకున్నాం.

దీనికి భిన్నమైన ఫోటో ఒకటి అందరికీ గుర్తుంది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి వెలివేసినప్పుడు రోహిత్ వేముల అంబేద్కర్ పటం పట్టుకుని నడుస్తున్న ఫోటో. ఏ పోటీకి పంపినా మొదటి రౌండులోనే పక్కన పడేసే ఫోటో. అయినా నిలబడింది. ఫోటో లోపల ఇంకో ఫోటో ఉంది. పట్టుకున్నవాడు ఏది తీసుకుని బయటికి పోవాలో తనే నిర్ణయించుకున్నాడు. ఫ్రేములో ఏముండాలో తీసినవాడు చెప్పలేదు. మా డ్రమ్ము గొడవ అంతా మాకు అందులో కనపడుతుంది.

ఇప్పుడు మా బృందంలో ఫోటోలు చూసే పద్ధతి మారింది. ఫోటో గోడకి పెట్టాక తీసినవాళ్లు కాసేపు నోరు మెదపకూడదు. ఇది చాలా కష్టమని మా మిత్రుడు ప్రతిసారీ అంటాడు. చూసేవాళ్లు ముందు కనపడేదే చెప్పాలి, అనిపించేది తర్వాత. "దయనీయంగా ఉంది" అంటే ఒప్పుకోం. ఏది చూసి అట్లా అనిపించిందో వేలు పెట్టి చూపించమంటాం. ఆ తర్వాత తీసినవాళ్లని అడుగుతాం: ఎక్కడ నిలబడ్డావు, ఏం జరిపించావు, ఆమె పేరేంటి, ఆమె చూసిందా? ఆమె చూడకుండా ఏ ఫోటో గోడకెక్కదు. అన్నిసార్లూ కుదరదు. ఊళ్లు దూరం, మనుషులు వలసపోతారు, కొందరికి మన చర్చలకి టైమే ఉండదు. కుదరనప్పుడు ఆ సంగతి ఫోటో కింద రాస్తున్నాం. విద్యార్థులకి ఇది మొదట్లో విసుగ్గా ఉంటుంది. ఒకమ్మాయి, ఇన్ని అడిగితే ఇంక ఫోటో ఎప్పుడు తీసేది సార్ అంది. ఆ మాటలోనూ న్యాయముంది. ఆమె తీస్తున్న కాలేజీ హాస్టల్ ఫోటోలు మా అందరివాటికన్నా బాగుంటాయి.

మూడో ఫోటో మొన్న సంక్రాంతికి తీశాడు మా మిత్రుడు. నేల మీద కూర్చుని, ముఖం దగ్గర వెలుగు కొలిచి, సాయంత్రం ఐదింటికి. ఆమె ఏదో అంటూ నవ్వబోతున్నప్పుడు పడింది. కింద ఆమె పేరు, ఇంటి పేరుతో సహా, ఆమె చెప్పినట్టే రాశాం. పెద్ద అచ్చు తీయించి తీసుకెళ్లి ఇచ్చాం. కళ్లజోడు తెప్పించుకుని చూసింది. ముఖం బానే వచ్చిందంది. కాసేపాగి, అంచు దగ్గర వేలు పెట్టింది.

"డ్రమ్ము సగమే వచ్చింది" అంది.